అరంగుళం

బ్యాంకు కాపలా అబ్బులు గారు
గోనెపట్టాలో చుట్టి తెచ్చారు దాన్ని.
లైసెన్సు కాయితం పైజేబులో,
దాని వెనకాల మేనేజరు గారి చీటీ.
"గుళ్ళు లేవండి" అంటూ
పంపు వెనక్కి లాగి ఖాళీ చూపించారు.
చిటికెన వేలు పెట్టి మరీ చూసుకున్నాను.
ఆయ్, ఖాళీయే.

ప్లాస్టిక్ మడమ పగిలిపోతే
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టు కట్టారు.

నేను తలుపులవాణ్ణి. మా నాన్న నాగళ్ళవాడు.
మేడి ఎత్తు మనిషిని బట్టి పెట్టాలనేవాడు:
"పొట్టివాడి మేడి పొడుగువాడికిస్తే
సాయంత్రానికి వాడి నడుమే చెబుతుందిరా నీ పనితనం."
ట్రాక్టర్లొచ్చాక ఆ కొలతలన్నీ
నా చేతుల్లో పనిలేక కూర్చున్నాయి.

వాటిని లేపాను.
మోచేయి మడత నుంచి చూపుడువేలి మెత్తన దాకా.
కంటి నుంచి దవడ ఎముక దాకా.
కుడి భుజం వేలున్నర కిందికి జారి ఉంది.
"సరిహద్దులోనా?" అన్నాను.
"కాదండి. సెలవలకొచ్చి కొబ్బరిచెట్టు ఎక్కాను."

చెక్క నా దగ్గరే ఉంది,
తొంభయ్యారు తుఫానుకి లాకుల దగ్గర కూలిన నిద్రగన్నేరు.
అన్నేళ్ళు అటకమీద ఎండింది.
ఎండిందని అనుకుంటాం గాని
కోనసీమలో కర్ర ఎక్కడ ఎండుతుంది?
శ్రావణం రాగానే
తలుపులన్నీ గుమ్మాలతో తగువుకి దిగుతాయి.
అందుకే పంపు పిడి లోపల
పోస్టుకార్డు మందం సందు వదిలాను.
వానలో బిగుసుకుంటే దొంగ నవ్విపోతాడు.

ఇనుముకి దీపం మసి రాయడం,
కర్రలో కూర్చి తీయడం,
నల్లగా అంటిన చోటే ఉలి పెట్టడం.
మళ్ళీ మసి. మళ్ళీ ఉలి.
తొమ్మిది రోజులు నా అన్నం కూడా మసి వాసనేసింది.
ఆఖర్న మడమ దగ్గర అరంగుళం కోసేశాను,
ఆయన చేతికి సరిగ్గా.

"కళ్ళు మూసుకుని ఎత్తండి" అన్నాను.
"ఇప్పుడు తెరవండి."

గొట్టం చివరి ఇత్తడి పూస
చూపు నడిమధ్యన కూర్చుంది,
వెతుక్కునే పనే లేదు.
కాలవ అవతల బాతుల్ని తోలుకెళుతున్న కుర్రాడు
ఒక్క క్షణం ఆ పూస మీదుగా నడిచాడు,
ఈల వేసుకుంటూ.

దించేశారు అబ్బులు గారు.
కణతల మీద చెమట.
"పదకొండేళ్ళండి బ్యాంకులో.
ఎత్తినప్పుడల్లా భుజంలో గుచ్చుకునేది,
దవడకి తగిలేది,
సర్దుకునేలోగా ఓ ఊపిరి ఆడేది.
ఆ ఊపిరి మీరు చెక్కేశారు."

నలభయ్యేళ్ళ పనిలో
ఇంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.
ఇంత తప్పూ ఎవరూ పట్టలేదు.

కోసిన ముక్క ఇంకా పొట్టులోనే ఉంది.
వెతికి తీసి, జిగురు రాసి,
రెండు ఇత్తడి మరలు బిగించాను.
చారకి చార కలిసింది, దాదాపుగా.
రంపం తిన్న మందం తిరిగి రాదు కదా.

మళ్ళీ ఎత్తారు. తడబడ్డారు.
భుజం సర్దుకున్నారు.
"ఆయ్. చాలండి" అన్నారు.

డబ్బులు తీసుకున్నాను,
అవిసె నూనె ఖరీదుతో సహా.

పింఛన్ల రోజు బ్యాంకుకెళ్ళాను.
తుపాకీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని
బల్ల మీద కూర్చున్నారాయన.
వేలికి సిరా ఆరని ఓ మామ్మ వంగి
చెక్కని బొటనవేలితో తడిమి చూసింది.
"ఏం కర్ర నాయనా?"
"నిద్రగన్నేరండి. లాకుల దగ్గరది."
"అదా! పడవొచ్చేదాకా దానికిందే కూర్చునేవాళ్ళం."

అబ్బులు గారు కాస్త పక్కకి జరిగి
ఆవిడకి చోటిచ్చారు.